ఈ ఒక్క బండికి

షెడ్డు
వానలు మొదలైన వారం

బావా,

పొద్దున్నించీ ముసురు. రేకు మీద చినుకుల మోతకి నా మాట నాకే వినపడటం లేదు. గుమ్మం దగ్గర గోనెసంచులు పరిచి, బండి ముందు భాగాన్ని స్టాండ్ల మీదికి ఎత్తి, స్టీరింగ్ పంపు బిగించే పని పూర్తి చేశాను. బ్రాకెట్టుకి పక్క కొట్టు వెల్డరు అతుకు వేశాడు. బెల్టు వరసకి వచ్చింది. వేలితో నొక్కితే అర అంగుళం దిగుతోంది.

నీకు ముక్కలు ముక్కలుగా తెలిసిందే, వరసగా చెప్తాను. మార్కెట్టులో బస్తా జారి నా కుడి మణికట్టు మీద పడిందని రాశాను కదా. కట్టు విప్పేశారు. కొంచెం బలహీనంగా ఉంది, అంతే. కానీ నేను మార్కెట్టు ఆడవాళ్లని తిప్పే వ్యాను యజమాని తాళాలు ఇంకొకడికి ఇచ్చేశాడు. లైసెన్సు గడువు పొడిగించుకోవడానికి వెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టరు నా చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "ఒంటి చేత్తో తిప్పగలిగే బండి ఏదైనా ఉంటే తెచ్చి, నా ముందు నడిపి చూపించండి. లేకపోతే రద్దే" అన్నాడు. చలికాలం పోయేలోపు చూపించాలి.

అలాంటి బండిని ఎక్కడో వెతకడం ఎందుకు? నువ్వు సెలవులకి వచ్చినప్పుడల్లా మనిద్దరం ఒక్కో ఎముకా పేర్చి కట్టిన మన బండి షెడ్డులోనే ఉంది. దాని స్టీరింగ్ ఎద్దు మెడలా బరువన్నది నిజమే. అందుకే ముక్కలు చేస్తున్న ఒక వ్యాను నుంచి పవర్ స్టీరింగ్ పంపు, వాల్వు, సిలిండరు ఊడదీయించి తెచ్చాను. పైపులు మాత్రం ఎండి పగిలిపోతే పారేశాను. ఇక పైపులు వేస్తే బండి తిరుగుతుంది. వాటి సంగతి నువ్వు చెప్పాలి.

పెద్దన్నయ్య వచ్చి ఉన్నాడు. బండిని పాత ఇనుముకి ఇచ్చేసి తన బట్టల కొట్టులో కూర్చోమంటాడు. "చల్లగా ఫ్యాను కింద గుడ్డ కొలుచుకోవే" అంటాడు. నేను పుట్టింది గుడ్డ కొలవడానికా?

మిల్లు ఆఫీసుకి రెండుసార్లు ఫోన్ చేశాను. నువ్వు రాలేదు. అంత పెద్దవాడివి అయిపోయావా?

నీ మరదలు


మిల్లు

డ్రైవరమ్మా,

ఉత్తరం అందింది. ఇక్కడా వానే. పని ఎక్కువగా ఉంది, అందుకే ఫోన్ దగ్గరికి రాలేకపోయాను. ఉత్తరమే నయం. రాసింది మళ్లీ చదువుకోవచ్చు.

మొత్తం నాలుగు పైపులు. పంపు నుంచి వాల్వుకి వెళ్లేది ప్రెషర్ పైపు. ట్రాక్టర్లకి హైడ్రాలిక్ పైపులు చేసే కొట్టులోనే చేయించు. లోపల ఇనప తీగ అల్లిక ఉన్నదే కావాలి. చివర్లు మిషను మీద నొక్కించాలి. క్లిప్పు పెట్టి సరిపెడితే ఊడొచ్చి మొహాన కొడుతుంది. వాల్వు నుంచి నూనె డబ్బాకి తిరిగొచ్చేది రిటర్న్ పైపు. దాని మీద ఒత్తిడి ఉండదు కాబట్టి క్లిప్పులు చాలు. మిగతా రెండూ వాల్వు నుంచి సిలిండరు రెండు కొసలకీ పోతాయి. అవీ తీగ అల్లినవే.

కొలత తాడుతో తీసుకో. బండి కిందికి దింపి, బరువు చక్రాల మీద ఉండగా, స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పించి కొలువు. స్టాండు మీద కొలిస్తే పైపు పొట్టిదవుతుంది. మెలిక పడకూడదు. పొగ గొట్టానికి జానెడు దూరం ఉండాలి.

వాల్వు మీద రెండు రంధ్రాలు పక్కపక్కనే ఉంటాయి. ఏది సిలిండరు ఏ కొసకి పోవాలో బొమ్మ గీసి పంపుతున్నాను. బండి కింద దూరి, బొమ్మ కళ్ల ముందు పెట్టుకుని బిగించు. తొందరపడకు.

మీ పెద్దన్నయ్యకి నా నమస్కారాలు చెప్పు. ఫ్యాను కింద కూర్చోవడం తప్పేమీ కాదు. కాకపోతే నువ్వు కూర్చుంటే ఫ్యానుకి గాలాడదు.

బావ


షెడ్డు
ఎండ కాసిన రోజు

బావా,

రెండు రోజులు ఎండ కాసింది. షెడ్డు ముందు బురద గట్టిపడింది. బండిని బయటికి తోసి, నువ్వు చెప్పినట్టే చక్రాల మీద నిలబెట్టి తాడుతో కొలిచాను. స్టీరింగ్ తిప్పడానికి వెల్డర్ని కూర్చోబెట్టాను. రెండుసార్లు తిప్పి దిగిపోయి, "అక్కా, ఇది బండా, పిండి మిషనా? నాకే రెండు చేతులూ చాలడం లేదు" అన్నాడు.

పైపుల కొట్టువాడు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏ ట్రాక్టరుకమ్మా?" అన్నాడు. ట్రాక్టరుకి కాదు, కారుకి అన్నాను. "మీ ఆయన్ని పంపండి, ఆయనతో మాట్లాడతా" అన్నాడు. "ఆయన్ని రప్పించాలంటే నేనే పైకెళ్లాలి, తిరిగొచ్చేలోపు నువ్వు కొట్టు మూసేస్తావు. పైపు కొయ్యి" అన్నాను. ఆ తరవాత కుర్చీ వేశాడు. నొక్కుడు బాగా చేశాడు. చివర్లు గోటితో గీకి చూశాను, కదలలేదు.

నాలుగు పైపులూ బిగించాను. నీ బొమ్మ బానెట్టు లోపలి వైపు అంటించుకుని, చూస్తూ చేశాను. ప్రెషర్ పైపు పొగ గొట్టానికి దగ్గర పడుతుంటే మధ్యలో రేకు ముక్క అడ్డం పెట్టాను.

శుక్రవారం పొద్దున స్టార్ట్ చేస్తాను. వెల్డరు కొట్టులో ఫోన్ ఉంది, దాని తీగ షెడ్డు దాకా వస్తుంది. ఆఫీసులో నిలబడు. ఇంజను దగ్గర రిసీవరు పెడతాను. నూనెలో గాలి ఉంటే పంపు చప్పుడు వినే చెప్పేస్తావు కదా, ఎన్నిసార్లు చూడలేదు!

పెద్దన్నయ్య ఇంకా వెళ్లలేదు. నా పక్కనే నిలబడి ఉంటాడు, నట్లు కూడా అందివ్వడు.

నీ మరదలు


మిల్లు

మరదలా,

ఫోన్ చేయవద్దు. ఆఫీసువాళ్లకి ఇష్టం లేదు. చప్పుడు ఎలా ఉందో ఉత్తరంలో రాయి.

స్టార్ట్ చేసే ముందు చక్రాలు పైకెత్తి, ఇంజను ఆపే ఉంచి, నూనె పోస్తూ స్టీరింగ్ అటూ ఇటూ కొస నుంచి కొసకి తిప్పించు. డబ్బాలో బుడగలు ఆగేదాకా తిప్పు. ఆ తరవాతే తాళం.

బావ


షెడ్డు
గాలివాన తరవాత

బావా,

ఉత్తరం ఆలస్యంగా అందింది. శుక్రవారం నేను ఫోన్ చేశాను. ఎవరో కొత్త గుమస్తా ఎత్తి, మనిషిని పంపి పిలిపించాడు. "గేటు దగ్గరే ఉన్నాడమ్మా, మూడుసార్లు పిలిచినా తిరిగి చూడలేదట" అన్నాడు. నువ్వు గేటు దగ్గరెందుకున్నావో నాకు తెలీదు. తిరిగి చూడనంత తప్పు నేనేం చేశానో అదీ తెలీదు. నీకు ఉత్తరాలు రాయడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది.

ఇక్కడ జరిగింది చెప్తాను. చక్రాలు పైకెత్తే ఉన్నాయి. గాలి తీసేశాను, ఆ మాత్రం నాకూ తెలుసు. తాళం తిప్పాను. ఇంజను అందుకుంది. స్టీరింగ్ మీద అరచెయ్యి అలా ఆనించానో లేదో, చక్రం దానంతట అదే గిర్రున ఎడమకి తిరిగి కొసకి కొట్టుకుంది. చక్రం ఊచ వచ్చి నా మణికట్టుకే తగిలింది. ఇంజను ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి చూశాను. ఈసారి కుడికి కొంచెం తిప్పబోతే కుడి కొసకి పరుగెత్తింది. నేను ఎటు వేలు చూపిస్తే అటు పిచ్చెత్తినట్టు పోతోంది, తిరిగి రావడం లేదు. ఆ ఊపుకి రిటర్న్ పైపు క్లిప్పు జారి నూనె చిమ్మింది. ఎదురుగా పెద్దన్నయ్య ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నాడు.

మొహం తుడుచుకుని, "బండి కూడా నీ పోలికే. ఎవరి మాటా వినదు" అన్నాడు. నవ్వొచ్చింది. ఆయనకి రాలేదు. "రోడ్డు మీద ఇలా అయితే ఎక్కినవాళ్ల గతేంటే? వాళ్ల పిల్లలకి నువ్వు జవాబు చెప్తావా?" అన్నాడు.

మర్నాడు చెప్పాపెట్టకుండా పాత ఇనుమువాడిని కాటాతో సహా తీసుకొచ్చాడు. నేను తలుపు తీసి సీట్లో కూర్చున్నాను. "దిగమ్మా, బండి ముక్కలు కోసి తూచాలి" అన్నాడు కాటావాడు. "నన్ను కలిపే తూచు. విడిగా అమ్మను" అన్నాను. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. వాడు వెల్డరు దగ్గర టీ తాగి, కాటా మోసుకుని వెళ్లిపోయాడు.

నీ బొమ్మ ప్రకారమే పెట్టాను. ఒక్క గీత తప్పలేదు. తప్పు బొమ్మలో ఉంది. నువ్వు సరిచేస్తావా, నన్నే కనిపెట్టుకోమంటావా?

మరదలు


మిల్లు గేటు

మరదలా,

నువ్వు ఊదిన శంఖం గురించి ముందు చెప్తాను. నువ్వు తెలిసి అనలేదు గానీ నిజమే అన్నావు. నాకు వినపడదు. మిల్లు పంపు రూములో చేరినప్పటి నుంచీ ఆ మోతకి కొంచెం కొంచెంగా పోతోంది. వానలకి ముందు జ్వరం వచ్చింది, ఆ తరవాత రెండు చెవులూ పూర్తిగా పోయాయి. మిల్లువాళ్లు నన్ను పంపు రూము నుంచి తీసి గేటు దగ్గర కూర్చోబెట్టారు. లారీ హారన్ వినపడనివాణ్ణి గేటుకి కాపలా పెట్టారు, వాళ్ల తెలివికి దండం పెట్టాలి. గేటు కమ్మీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటాను. లారీ మలుపు తిరగ్గానే ఇనుము అదురుతుంది. ఇంతవరకూ ఒక్క లారీ కూడా గేటు బయట ఆగాల్సి రాలేదు.

నీకెందుకు చెప్పలేదంటే, చెప్తే బండి మానేస్తావనుకున్నాను. చప్పుడు వినలేనివాడి మాట ఎవరు నమ్ముతారు?

ఇక బండి. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బొమ్మ తప్పు కాదు. బానెట్టు లోపల అంటించుకుని చూశానన్నావు. అంటే నువ్వు పైనుంచి వంగి చేశావు, కింద దూరలేదు. నేను ఊహ తెలిసినప్పటి నుంచీ బండి కింది గుంటలో దిగి తల పైకెత్తి చూసినవాణ్ణి. నా కంటికి బండంటే అడుగు భాగమే. బొమ్మా అలాగే గీశాను. కింద నుంచి చూసి గీసింది పైనుంచి పెడితే కుడి ఎడమలు మారిపోతాయి. సిలిండరు పైపులు రెండూ తారుమారయ్యాయి. నువ్వు కొంచెం ఎడమకి తిప్పితే సిలిండరు ఇంకా ఎడమకి తోస్తుంది. అదే పిచ్చి.

ఆ రెండు పైపులూ వాల్వు దగ్గర ఒకదాని చోట ఒకటి మార్చు. పొడవు సరిపోతుందో లేదో చూసుకో.

కానీ ఒక మాట నిజం చెప్పు. నేను కింద దూరమని రాశాను. నువ్వు చెప్పిన మాట ఎప్పుడూ వినవు గానీ, పని దగ్గర వింటావు. ఎందుకు దూరలేదు?

గాలి సంగతి. చెవితో పని లేదు. ఇంజను నడుస్తుండగా రిటర్న్ పైపు మీద అరచెయ్యి పెట్టు. లోపల ఇసక జారుతున్నట్టు గరగరలాడితే గాలి ఉన్నట్టు. పారే కాలవలో చెయ్యి పెట్టినట్టు నున్నగా ఉంటే లేనట్టు. ప్రెషర్ పైపు మీద మాత్రం చెయ్యి పెట్టకు. సూది మొనంత చిల్లున్నా నూనె చర్మంలోకి దూరుతుంది. దాని పక్కన అట్ట ముక్క పట్టుకుని చూడు, తడిస్తే కారుతున్నట్టు.

బావ


షెడ్డు
మంచు మొదలైంది

బావా,

నిజం అడిగావు, చెప్తున్నాను. నా కుడి చేతికి పట్టు లేదు. వేళ్లు ముడుస్తాను గానీ స్పానరు నిలవదు. గ్లాసు కూడా జారుతుంది. మొదట్లో ఒకసారి బండి కింద దూరాను. పైకి రావడానికి పట్టుకుని లాక్కోవాలి కదా, ఒక్క చేత్తో కుదరలేదు. అరిచి పిలిస్తే వెల్డరు వచ్చి నా కాళ్లు పట్టుకుని బస్తాని లాగినట్టు లాగాడు. "అక్కా, ఎవరికీ చెప్పను" అన్నాడు. అందుకే పైనుంచి చేశాను. కొంచెం బలహీనం అని నీకు రాశాను. పూర్తిగా రాస్తే నువ్వు కూడా పెద్దన్నయ్య పక్క చేరతావనుకున్నాను.

నువ్వు చెవి దాచావు, నేను చెయ్యి దాచాను. మధ్యలో పెద్దన్నయ్య చొక్కా పోయింది.

పైపులు మార్చాను. ఒకటి పొట్టిదైంది, మళ్లీ కొట్టుకి వెళ్లి కొత్తది చేయించాను. ఈసారి కుర్చీ ముందే వేసి ఉంది. స్పానరు ఎడమ చేత్తో పట్టి, కుడి మోచేతితో నట్టు కదలకుండా నొక్కి బిగించాను. మొదట గాలి ఉంది. రిటర్న్ పైపు మీద ఎడమ అరచెయ్యి పెడితే నువ్వు చెప్పిన ఇసక తెలిసింది. నూనె పోస్తూ, తిప్పుతూ, ఆపుతూ ఒక పూటంతా చేశాను. సాయంత్రానికి నున్నబడింది. అట్ట తడవలేదు.

స్టీరింగ్ ఇప్పుడు ఎడమ చేతి మూడు వేళ్లతో తిరుగుతోంది. గేరు మార్చేటప్పుడు కుడి అరచెయ్యి చక్రం మీద ఊరికే ఆనిస్తే చాలు, నిలబడుతోంది. పెద్దన్నయ్యని కూర్చుని తిప్పి చూడమన్నాను. చిటికెన వేలితో తిప్పాడు. దిగి షెడ్డు బయటికి వెళ్లిపోయాడు.

వచ్చే సోమవారం ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్తున్నాను. నీ గేటు సంగతేంటి? పంపు రూముకి మళ్లీ పంపమని అడిగావా, లేక కమ్మీ పట్టుకుని కూర్చోవడమేనా? నాకు చెప్పిన ధైర్యం నీకు లేదా?

నీ మరదలు


మిల్లు గేటు

డ్రైవరమ్మా,

అడిగాను. మేనేజరు కాగితం మీద 'ప్రమాదం' అని రాసి చూపించాడు. దాని కిందే 'నన్ను ఇలా చేసింది ఆ పంపులే, వాటిని చూడటానికి నేను చాలనా?' అని రాసి ఇచ్చాను. కోపం వచ్చినట్టుంది. నోరు కదిలింది చాలాసేపు. వినపడకపోవడంలో సుఖం కూడా ఉందని ఆ రోజు తెలిసింది. మళ్లీ అడుగుతాను. నెలకోసారి అడుగుతాను. వాళ్లకి విసుగొస్తుందో నాకు వయసైపోతుందో చూద్దాం.

సోమవారానికి రెండు మాటలు. స్టీరింగ్ కొసకి తిప్పి అక్కడే నొక్కి పట్టుకోకు. పంపు మూలుగుతుంది, పైపుల మీద ఒత్తిడి పడుతుంది. కొస తగలగానే వెంట్రుక వాసి వెనక్కి వదులు.

రెండోది, చెయ్యి దాచకు. పొడుగు చేతుల జాకెట్టు వేసుకెళ్లాలనుకుంటున్నావేమో. వద్దు. నీ చెయ్యి సంగతి నువ్వే ముందు చెప్పు. మనం దాచిన రెండు విషయాలూ ఏం చేశాయో చూశావుగా.

బావ


షెడ్డు
మంగళవారం

బావా,

నిన్న పొద్దున పొగమంచు. అద్దం తుడుచుకుంటూ నెమ్మదిగా వెళ్లాను. లైసెన్సు ఉన్నవాడు పక్కన ఉండాలన్నారు, వెల్డరు కూర్చున్నాడు. దారంతా సీటు పట్టుకునే కూర్చున్నాడు గానీ పైకి మాత్రం ధైర్యంగానే ఉన్నాడు.

పొట్టి చేతుల జాకెట్టే వేసుకున్నాను. ఇన్‌స్పెక్టరు దగ్గరికి వచ్చి, "చేతికి పట్టు వచ్చిందా?" అన్నాడు.

"లేదండీ. రాదు కూడా. బండికి వచ్చింది" అన్నాను.

బానెట్టు ఎత్తమన్నాడు. పైపులన్నీ వేలితో తడిమాడు. ఎవరు వేశారన్నాడు. నేనే అన్నాను. ఎవరు చెప్పారన్నాడు. మా బావ, ఉత్తరాల్లో అన్నాను. నా మొహం చూసి మళ్లీ పైపులు చూశాడు. నీ బొమ్మ ఇంకా బానెట్టుకే అంటుకుని ఉంది. ఇప్పుడు దాన్ని తలకిందులుగా చూసే అలవాటు నాకు వచ్చేసింది, తియ్యను.

డ్రమ్ముల మధ్య నుంచి ముందుకీ వెనక్కీ నడిపించాడు. ఎత్తు మీద ఆపించి మళ్లీ కదిలించమన్నాడు. ఇరుకు మలుపులో కొస దాకా తిప్పి, వెంట్రుక వాసి వదిలాను. ఒక డ్రమ్ము తగిలింది. పడలేదు. "తగిలింది" అన్నాడు. "రెండు చేతులవాళ్లకి తగలదా?" అన్నాను. వెల్డరు దగ్గాడు. మళ్లీ చేయించాడు. ఈసారి తగలలేదు.

లైసెన్సు మీద ముద్ర వేశాడు. కింద ఎర్ర సిరాతో 'ఈ ఒక్క బండికి మాత్రమే' అని రాశాడు. ఇంకే బండీ ముట్టుకోకూడదట. వెల్డరు మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ నాకు బాధ లేదు. ఇంకో బండి నాకెవరిస్తారు? ఒకటి మాత్రం తేలిపోయింది. బండి పోతే నా లైసెన్సూ పోతుంది. ఇక దీన్ని తూచడానికి కాటా ఎవరూ తేలేరు.

పెద్దన్నయ్యకి కాగితం చూపించాను. ఎర్ర సిరా దగ్గర వేలు పెట్టి చదివాడు. "చెయ్యి జారిన రోజు నాకు కబురు చెయ్యి" అన్నాడు. "జారని రోజులకి కూడా చేస్తాలే, అవే ఎక్కువుంటాయి" అన్నాను. సంచీ సర్దుకున్నాడు. నూనె మరక పడ్డ చొక్కా సర్దుకోలేదు, షెడ్డులో మేకుకి తగిలించి ఉంది. చేతులు తుడుచుకోవడానికి వాడుకుంటున్నాను.

మార్కెట్టు ఆడవాళ్లలో నలుగురు నా బండిలో వస్తామన్నారు. మిగతావాళ్లు కొన్నాళ్లు చూస్తారట. చూడనీ.

ఆదివారం మీ మిల్లుకి వస్తున్నాను. రిటర్న్ పైపు నువ్వు ఒకసారి చెయ్యి పెట్టి చూడాలి. హారన్ కొట్టను. కమ్మీ మీద చెయ్యి పెట్టుకుని ఉండు.

పెద్దన్నయ్య ఈ రోజు ఉదయం ఆరు గంటల బస్సుకి వెళ్లిపోయాడు. స్టాండు దాకా బండిలో దింపుతానన్నాను, ఎక్కలేదు. ఆరున్నరకి నలుగుర్ని ఎక్కించుకుని నేను మార్కెట్టుకి బయలుదేరాను.

నీ మరదలు